ధవళేశ్వరం, 1852: ఒక ఆనకట్టా, ఒక నవలా

1852 మార్చి 20న అమెరికాలో హారియట్ బీచర్ స్టోవ్ రాసిన "అంకుల్ టామ్స్ కాబిన్" పుస్తకంగా బయటికొచ్చింది. అదే సంవత్సరం మా ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది. ఈ రెండిటికీ పైకి ఏ సంబంధమూ లేదు. కానీ అమెరికా నవలల్లో నల్లవాళ్ళ కథ ఎలా నడిచిందో చదువుతూ, చదివిందల్లా మన గోదావరి జిల్లాలతో పోల్చి చూసుకుంటూ వుంటే ఈ 1852 అన్న అంకె నన్ను వదలడం లేదు. అందుకే ఈ టపా. కాస్త పొడుగైంది, ఓపిక తెచ్చుకోండి.

ముందు మన సంగతి. మన ఐటీ జనాల్లో కాస్తో కూస్తో ఇంగ్లీషు నవలలు చదివేవాళ్ళని అడిగితే "టు కిల్ ఎ మాకింగ్ బర్డ్" (1960) తప్పకుండా లిస్టులో వుంటుంది. తెలుగులో అయితే "ఏడు తరాలు". అలెక్స్ హేలీ 1976లో రాసిన "రూట్స్"ని సహవాసి గారు తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 1980లో వేసింది. కుంటా కింటే పేరు వినని తెలుగు పాఠకుడు అరుదు. ఓడ అడుగున గొలుసులతో కట్టేసి తెచ్చిన ఆ కుర్రాడి కోసం మనవాళ్ళు రెండు మూడు తరాలుగా కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు. మంచిదే. నేనూ పెట్టుకున్నాను.

అయితే అదే పాఠకుణ్ణి "వెంకటదాసు ఎవరు?" అని అడిగి చూడండి. తెల్లమొహం వేస్తాడు. వెంకటదాసు "మాలపల్లి" నవలలో మనిషి. ఇంకొంతమందైతే "ఓ, కాంచనమాల సినిమా కదా" అంటారు. అది 1938లో గూడవల్లి రామబ్రహ్మం గారు తీసిన "మాలపిల్ల", చలం కథ. వేరు. ఇంకో సంగతి కూడా గమనించాను. ఆఫీసు క్యాంటీన్లో అమెరికా బానిసల నవల గురించి ఎంత గట్టిగా అయినా మాట్లాడుకోవచ్చు. "మాలపల్లి" అన్న పేరు మాత్రం నోటితో అనాలంటే గొంతు తగ్గిపోతుంది, ఎవరైనా విన్నారేమో అని పక్కకి చూస్తారు. ఒక నవల పేరు పలకడానికే ఇంత మొహమాటం ఎందుకొచ్చిందన్నదే ఈ టపాలో నా బాధ.

సరే, 1852 దగ్గరికి వద్దాం.

స్టోవ్ నవల మొదటి ఏడాదిలోనే అమెరికాలో మూడు లక్షల ప్రతులు అమ్ముడైంది. పారిపోయిన బానిసల్ని పట్టి యజమానికి అప్పజెప్పాలన్న 1850 నాటి చట్టం మీద ఆవిడకొచ్చిన కోపమే ఆ నవల. అందులో టామ్ చాలా మంచివాడు. భక్తుడు. ఎన్ని చేతులు మారినా, ఎంత కొట్టినా తిరగబడడు, చివరికి తనని చావగొట్టించిన సైమన్ లెగ్రీని కూడా క్షమించి చనిపోతాడు. ఉత్తరాది తెల్లవాళ్ళ ఇళ్ళల్లో అది చదివి ఏడవని ఇల్లు లేదంటారు. ఆ ఏడుపు బానిసత్వ వ్యతిరేక ఉద్యమానికి పనికొచ్చింది కూడా. కానీ వందేళ్ళు తిరక్కుండానే "అంకుల్ టామ్" అన్నది నల్లవాళ్ళలో తిట్టు అయిపోయింది. తెల్లవాడి ముందు వంగి వుండేవాడు అని అర్థం. జేమ్స్ బాల్డ్విన్ 1949లో ఒక వ్యాసం రాసి ఈ నవలని ఉతికి ఆరేశాడు. నల్లమనిషిని మనిషిగా కాకుండా జాలిపడటానికి పనికొచ్చే వస్తువుగా చేసిందని ఆయన కంప్లైంటు.

ఇటు చూస్తే గోదావరి. 1833 నాటి కరువూ, దాని అటూ ఇటూ తుఫానులూ వరదలూ కలిసి రాజమండ్రి జిల్లాని ఊడ్చేశాయి. 1821లో 7,38,308 వున్న జనాభా 1841 నాటికి 5,61,041కి పడిపోయింది. అంటే నలుగురిలో ఒకరు లేరన్నమాట, చచ్చిపోవడమో వలసపోవడమో. ఆ పరిస్థితిలో కాటన్ దొర ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఆనకట్ట కట్టించాడు. 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశారు. దాదాపు పది వేల మంది కూలీలు పనిచేశారని చెబుతారు. డెల్టా అంతా పచ్చబడింది. ఈరోజు దాదాపు పది లక్షల ఎకరాలు ఆ నీళ్ళ మీద బతుకుతున్నాయి. మా వైపు కాటన్ దొరని దేవుడి కింద చూస్తారు, తప్పులేదు. ఊళ్ళో ఆయన పేరుతో మ్యూజియం వుంది, విగ్రహాలు వున్నాయి. 1970ల్లో మొదలై 1982 నాటికి పూర్తయిన కొత్త బ్యారేజీకి కూడా ఆయన పేరే. చిన్నప్పుడు ఆ మ్యూజియంకి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ఆ పది వేల మందిలో ఒక్క కూలీ పేరు మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు.

దీన్ని కాటన్ మీద నేరంగా చెప్పట్లేదు. ఏ ఊళ్ళో ఏ కట్టడానికైనా ఇంతే. నేను చెప్పదలుచుకున్నది నీళ్ళొచ్చాక ఏమైందన్నది. నీళ్ళొచ్చాయి, పొలం వున్నవాడు బాగుపడ్డాడు. పొలం లేనివాడు ఆ పొలంలోనే పాలేరయ్యాడు. మన దేశంలో బానిసత్వాన్ని కోర్టులు గుర్తించకూడదని ఈస్టిండియా కంపెనీ 1843లోనే ఐదో నంబరు చట్టం చేసింది. అమెరికా కంటే ఇరవై ఏళ్ళు ముందే. కాగితం మీద మనమే ఫస్టు :) కానీ ఏడాదికి ఇంత ధాన్యమని కుదుర్చుకుని, మధ్యలో పెళ్ళికో చావుకో అప్పు పెట్టించి, ఆ అప్పు తీరేదాకా కొడుకుని కూడా పశువుల వెంట పంపించుకునే పద్ధతికి ఏ చట్టమూ అడ్డురాలేదు. అమ్మడం కొనడం లేదు, గొలుసు లేదు. పల్లె ఊరి బయట, చెరువు దగ్గర వేరే రేవు.

మా అమ్మమ్మ వాళ్ళది కోనసీమ. వాళ్ళ పశువుల పాక చూరులో ఒక గ్లాసు దోపి వుండేది. అది పాలేరుది. ఆయన మా అమ్మమ్మ కంటే పెద్దవాడు, ఇంట్లో అయిదేళ్ళ పిల్లాడు కూడా "ఒరే" అనే పిలిచేవాడు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, పండక్కి బట్టలు పెట్టేవాళ్ళు. "మనింట్లో మనిషే" అని అమ్మమ్మ ఇప్పటికీ అంటుంది. అమెరికా నవలలు చదివినవాళ్ళకి ఈ మాట ఎక్కడో విన్నట్టు వుంటుంది. స్టోవ్ నవల మొదట్లో టామ్ యజమాని షెల్బీ ఇల్లు సరిగ్గా ఇలాంటిదే. టామ్ అంటే అందరికీ ప్రేమే. అప్పులు మీద పడగానే మొట్టమొదట అమ్ముడుపోయేది అతనే.

ఇక నవలల సంగతి. తెలుగులో మొదటి నవల ఏదన్న గొడవ ఎప్పటికీ తేలదు. ఆ పేరు ఎక్కువమంది ఇచ్చే కందుకూరి వీరేశలింగం పంతులు గారి "రాజశేఖర చరిత్రము" మొదలయ్యేది మాత్రం మా ధవళేశ్వరంలోనే. ఆయన 1874లో ఇక్కడి బడిలో పనిచేశారు. "వివేకవర్ధని" పత్రిక, ఆడపిల్లల బడి రెండూ ఆ ఏడాదే ఇక్కడున్నప్పుడే పెట్టారు. నవల 1878లో పత్రికలో వచ్చింది, 1880లో పుస్తకమైంది. జ్యోతిష్కుల్నీ, బంగారం చేసిపెడతానని ఇల్లు దోచుకుపోయే బైరాగినీ, డబ్బున్నన్నాళ్ళూ చుట్టూ తిరిగి తర్వాత మొహం చాటేసే చుట్టాల్నీ ఆయన ఏకిపారేస్తాడు. వితంతువుల విషయంలో ఆయన చేసిన పని నవలల్లో కాదు, బతుకులో చేసి చూపించాడు. అంతటి మనిషి. కథ పెద్దాపురం రాజుల రోజుల్లో జరిగేది కాబట్టి అందులో ఆనకట్ట కూలీలు లేరని తప్పు పట్టలేం. కానీ కథ ప్రధానంగా నడిచేది అగ్రహారపు ఇళ్ళల్లోనే. అన్యాయమంటే ఇంటి లోపల జరిగేది. ఊరి బయట వున్న పల్లె దాకా తెలుగు నవల వెళ్ళడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది.

వెళ్ళింది కూడా జైలు మీదుగా. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు గుంటూరు బారిస్టరు. పల్నాడు పుల్లరి సత్యాగ్రహంలో అరెస్టయి రాయవెల్లూరు జైల్లో వుండగా "మాలపల్లి" రాశారు. 1922లో అచ్చైంది. రామదాసు అనే మాల రైతు కుటుంబం కథ. అప్పటిదాకా ఎవరో ఒకరి గుమ్మం ముందు దూరంగా నిలబడే మనుషులు మొదటిసారి ఒక పెద్ద నవలకి నడిమధ్య కూర్చున్నారు. చిన్నకొడుకు సంగదాసుని భూస్వామి చౌదరయ్య కొట్టి చంపుతాడు. విశేషమేమిటంటే చౌదరయ్య సొంత కొడుకే సంగదాసు స్నేహితుడు. భూమి పోతుంది. పెద్దకొడుకు వెంకటదాసు పేరు మార్చుకుని తక్కెళ్ళ జగ్గడై, ఉన్నవాళ్ళని దోచి లేనివాళ్ళకి పంచే దొంగల నాయకుడవుతాడు. తండ్రి రామదాసు మాత్రం అన్నిటినీ ఓర్చుకుంటూ, తత్వాలు పాడుకుంటూ, ఎవరి మీదా ద్వేషం లేకుండా వుంటాడు.

ఇక్కడే నాకు టామ్ గుర్తొచ్చాడు. రామదాసు మన అంకుల్ టామ్. రాసింది పై కులం మనిషి, చదివేది పై కులం వాళ్ళు. వాళ్ళు మెచ్చాలంటే ఊరి బయటివాడు ఊళ్ళోవాళ్ళ కంటే పది రెట్లు మంచివాడై వుండాలి. మామూలు మనిషైతే సరిపోదు. కోపం వస్తే అసలు పనికిరాడు. అయితే ఉన్నవ గారు స్టోవ్ దగ్గర ఆగిపోలేదు. ఒకే ఇంట్లో రామదాసునీ జగ్గణ్ణీ పెట్టాడు. ఓర్పూ తిరుగుబాటూ ఒకే కంచంలో తింటాయి. అదీ గొప్పతనం. సర్కారుకి ఎవరి వల్ల భయమేసిందో చెప్పక్కర్లేదు. అప్పటికి రష్యా విప్లవం జరిగి అయిదేళ్ళే. పుస్తకంలో బోల్షెవిక్కు వాసన కొడుతోందని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అది పూర్తిగా వదిలింది 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాకే. జాలి పుట్టించే పుస్తకాల్ని ఏ ప్రభుత్వమూ నిషేధించదు లెండి.

ఈ జాలి గురించి అందరికంటే బాగా పట్టుకున్నవాడు రిచర్డ్ రైట్. ఆయన మొదటి కథల పుస్తకం "అంకుల్ టామ్స్ చిల్డ్రన్" (1938) చదివి బ్యాంకర్ల కూతుళ్ళు కూడా ఏడ్చి హాయిగా ఫీలయ్యారట. అది చూసి ఆయనకి ఒళ్ళు మండింది. ఈసారి రాసే పుస్తకంలో ఏడ్చి తేలిగ్గా బయటపడే దారి లేకుండా చేస్తానని పట్టుబట్టి "నేటివ్ సన్" (1940) రాశాడు. అందులో బిగ్గర్ థామస్ మంచివాడు కాదు. భయస్తుడు, కోపిష్టి, హంతకుడు. చదివేవాడు ఏడవలేడు. ఇతణ్ణి ఇలా తయారు చేసిందెవరు అని ఆలోచించాల్సిందే, వేరే దారి లేదు. "ఏడు తరాలు" మనం అంత హాయిగా ఎందుకు ఏడవగలమో నాకు అప్పుడు అర్థమైంది. అందులో కొరడా పట్టుకున్నవాడు తెల్లవాడు. మనకి చుట్టం కాదు.

మరో తేడా చూడండి. స్టోవ్ నవల వచ్చిన మరుసటి ఏడాదే, 1853లో, విలియం వెల్స్ బ్రౌన్ "క్లోటెల్" రాశాడు. ఆయన స్వయంగా బానిసగా పుట్టి పారిపోయినవాడు. అంతకుముందే 1845లో ఫ్రెడరిక్ డగ్లస్ తన బతుకు కథ రాశాడు. బానిసలకి చదువు చెబితే శిక్ష వేసే చట్టాలు దక్షిణాది రాష్ట్రాల్లో వున్న రోజులవి. డగ్లస్ రొట్టె ముక్కలు లంచమిచ్చి వీధిలోని తెల్లపిల్లల దగ్గర అక్షరాలు నేర్చుకున్నాడు. అంటే అమెరికాలో జాలిపడే నవలా, సొంత గొంతూ దాదాపు పక్కపక్కనే మొదలయ్యాయి. మనకి అలాంటి నిషేధచట్టం అక్కర్లేకపోయింది. బడి అగ్రహారంలోనో కరణం గారి అరుగు మీదో పెడితే చాలు, చట్టం చేసే పని అదే చేస్తుంది. రాజమండ్రిలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు 1909లో దళిత పిల్లల కోసం ప్రత్యేకంగా బడి పెట్టాల్సి వచ్చిందంటే మామూలు బళ్ళ సంగతి తెలుస్తూనే వుంది.

గొంతు లేక కాదు. గరిమెళ్ళ సత్యనారాయణ గారు తెల్లదొరతనం వద్దని పాట కడితే, ఆ రోజుల్లోనే రాజమండ్రిలో కుసుమ ధర్మన్న గారు "మాకొద్దీ నల్లదొరతనము" అని రాశారు. తెల్లవాడు పోతే మాకేం ఒరుగుతుంది, మా నెత్తి మీద వున్నది మీరు కదా అని. స్వరాజ్యం కోసం జెండాలు పట్టుకున్నవాళ్ళని ఆ టైములో అలా అడగాలంటే ఎంత గుండె కావాలో. మూకీ సినిమాల రోజుల్లో రాజమండ్రి హాల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పిన కుర్రాడు గుర్రం జాషువా. ఆయన 1941లో "గబ్బిలం" రాశాడు. పద్యం, పాట తొందరగా వచ్చాయి. నవల రాలేదు. నాకు తోచిన కారణం చాలా మామూలుది. పాట నాటు వేస్తూ కట్టుకోవచ్చు. నవలకి ఒక బల్ల కావాలి, ఏడాది పాటు తిండి కావాలి, అచ్చు వేసేవాడూ కొనేవాడూ కావాలి. పాలేరుకి ఇవన్నీ ఎక్కణ్ణించి వస్తాయి?

అందుకని నవల కంటే ముందు నాటకం వచ్చింది. బోయి భీమన్న గారు 1911లో మామిడికుదురులో పుట్టారు. ఆయన నాటకం పేరే "పాలేరు". ఒక పాలేరు కుర్రాడు వెంకన్న చదువుకుని డిప్యూటీ కలెక్టరు అవుతాడు. ఇప్పుడు వింటే సినిమా కథలా వుంటుంది. 1940ల్లో కోనసీమలో ఏ పేటలో ఆడినా జనం విరగబడి చూశారు, చూసి పిల్లల్ని పశువుల దగ్గర్నుంచి మాన్పించి బడికి పంపారు. ఆ దెబ్బకి పాలేళ్ళు దొరక్క కొందరు రైతులు నాటకం మీద గుర్రుగా వుండేవాళ్ళని మా వైపు చెప్పుకుంటారు. విమర్శకులు దీన్ని గొప్ప నాటకాల్లో లెక్కేస్తారో లేదో గానీ, చూసినవాడి ఇంట్లో పిల్లాడి చేతికి పలక ఇచ్చిన రచన ఇంకొకటి నాకైతే తెలీదు. జాలి కోసం రాసింది కాదు గనకే అది పనిచేసింది. ఎదురుగా కూర్చున్నది ఏడ్చి ఇంటికి పోయే అయ్యగార్లు కాదు, పాలేళ్ళే.

ఆనకట్ట పూర్తయిన సరిగ్గా వందేళ్ళకి, 1952లో, రాల్ఫ్ ఎలిసన్ "ఇన్విజిబుల్ మాన్" వచ్చింది. అందులో కథ చెప్పేవాడికి పేరే వుండదు. ఎదురుగా నిలబడ్డా జనం తనని చూడరంటాడు. ఇక్కడ పోలిక తెగిపోతుంది. మన దగ్గర మనిషి కనపడకపోవడం కాదు సమస్య. బాగా కనపడతాడు. ఎవరిది ఏ పేటో, ఏ వీధి దాకా రావచ్చో, ఏ గ్లాసో ఊరంతటికీ తెలుసు. దూరం పెట్టాలంటే ముందు కన్నార్పకుండా చూస్తూ వుండాలి కదా. పేరు చెప్పగానే ఇంటిపేరు అడగడం, ఇంటిపేరు చాలకపోతే ఊళ్ళో ఎటు వైపు అనడం, ఇవి సియాటెల్ దాకా విమానమెక్కి వెళ్ళాయి. 2023 ఫిబ్రవరిలో ఆ ఊరి కౌన్సిలు వివక్ష నిషేధాల జాబితాలో కులాన్ని చేర్చాల్సి వచ్చింది. మనవాళ్ళు అంతమంది అక్కడికి వెళ్ళగలిగింది 1965 నాటి ఇమిగ్రేషన్ చట్టం వల్ల. నల్లవాళ్ళు రోడ్ల మీద దెబ్బలు తిని సాధించిన పౌరహక్కుల చట్టాల వెనకాలే వచ్చిన చట్టమది. వాళ్ళు తీసిన తలుపులోంచి లోపలికెళ్ళి, చూరులో గ్లాసు వెతుక్కున్నామన్నమాట.

నవలకి తిరిగొస్తే, కొలకలూరి ఇనాక్ గారు లాంటివాళ్ళు దశాబ్దాల పాటు రాస్తూ వచ్చినా, "మాలపల్లి" పక్కన నిలబెట్టుకునే స్థాయిలో తరతరాల దళిత కథ నాకు కనిపించింది జి. కళ్యాణరావు గారి "అంటరాని వసంతం"లో. 2000లో వచ్చింది. నిజానికి మన "ఏడు తరాలు" ఇదే. ఎల్లన్న ఆటగాడు, పాటగాడు. అతని తర్వాతి తరం శివయ్య, శశిరేఖ. పెద్ద కరువులో వాళ్ళు బకింగ్‌హామ్ కాలువ తవ్వకం దగ్గర కూలి దొరుకుతుందని నడుచుకుంటూ వెళతారు. సర్కారు పని, ఆకలి అందరికీ ఒకటే. అయినా అక్కడున్న మిగతా కూలీలు వీళ్ళని చేరనివ్వరు. అంటరానివాళ్ళు తవ్విన కాలువలో తాము తవ్వమంటారు. ఆ పేజీలు చదివాక మా ఊరి బ్యారేజీ మీద నడుస్తుంటే ఆ పది వేల మందీ ఒకే గుంపులా కనపడటం మానేశారు. ఎవరు ఏ ఒడ్డున వండుకున్నారో, ఎవరి కుండ ఎవరు ముట్టుకోలేదో అనిపిస్తుంది.

భీమన్న గారు 1973 ప్రాంతంలో "గుడిసెలు కాలిపోతున్నాయి" అని ఒక కవితల పుస్తకం వేశారు. 1975లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 2022 మేలో కొత్త కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు కలపాలని ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. మే 24న అమలాపురంలో పేరు వద్దంటూ గుంపులు రోడ్డెక్కాయి, ఒక దళిత మంత్రి ఇంటికీ, ఒక ఎమ్మెల్యే ఇంటికీ నిప్పంటించాయి. ఒక్క పేరు మీద. ఆ రాత్రి ఫోన్లో వీడియోలు చూస్తూ మా క్లాస్‌మేట్స్ గ్రూపులో ఎవరూ ఒక్క ముక్క మాట్లాడలేదు. రెండేళ్ళ కిందట జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయినప్పుడు డీపీలు నల్లగా మార్చుకున్న గ్రూపే అది.

ఆగస్టుకల్లా పేరు మారింది, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని. భీమన్న గారి మామిడికుదురు ఇప్పుడు ఆ జిల్లాలోనే వుంది.